పుస్తకం మూసే మేడం

"పుస్తకం మూసే మేడం పోయిందంట" అని మా స్టాఫ్‌రూమ్‌లో ఎవరో అన్నప్పుడు నా నోట్లోంచి మొదట వచ్చిన మాట "ఎవరు చెప్పారు?" అని. అయ్యో అనలేదు. ఎప్పుడు అని కూడా అడగలేదు. చావు కబురునైనా రెండు చోట్ల కనుక్కుంటే గాని నమ్మని రకం నేను. సాయంత్రం మద్దేడ్‌లో ఆవిడ ఇంటి పక్కనున్న కిరాణా కొట్టుకు ఫోన్ చేశాను. నిజమే. జ్వరం వచ్చింది, మామూలు జ్వరమే కదా అనుకున్నారు, ఐదో రోజు బీజాపూర్ తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. "మీరెవరు? మీకేంది పని?" అని అడిగాడు కొట్టతను. తెలిసిన టీచర్ని అన్నాను. "ఏ బడి టీచరు?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఆవిడైనా అలాగే అడిగేది.

ఆవిడ పేరు నేనిక్కడ రాయను. పేరు కాగితం మీదికి ఎక్కడం ఆవిడకే గిట్టేది కాదు. పుట్టి పెరిగింది బస్తర్ అడవుల్లో, కిష్టారం దగ్గర ఒక పల్లెలో. అక్కడ ఎవరైనా సంచిలోంచి కాగితం తీసి పేర్లడిగితే జనం నీళ్లు నమిలేవారట. ఆ కాగితం సాయంత్రానికి పోలీసుల చేతికి చేరుతుందో, అడవిలోని అన్నల చేతికి చేరుతుందో, మర్నాడు ఆ పేరు పట్టుకుని ఎవరొస్తారో ఎవరికీ తెలియదు. అలాంటి చోట పుట్టిన మనిషికి దొరికిన ఉద్యోగమేమో బడి బడికీ తిరిగి పిల్లల పేర్లు రాసుకోవడం. అందుకని ఆవిడ తన జాబితా ఎప్పుడూ పెన్సిల్‌తోనే రాసేది. తల్లో తండ్రో వద్దంటే వాళ్ల ముందే రబ్బరు తీసి చెరిపేసి, కాగితాన్ని వెలుతురులోకి ఎత్తి చూపించేది. "పోయింది. చూసుకో" అనేది.

బ్లాకు ఆఫీసు తరఫున బడులు తిరిగే టీచరు ఆవిడ. చూపు సరిగా లేని, చెవులు వినిపించని, నడవలేని పిల్లల్ని గుర్తించి ప్రభుత్వం ఇచ్చే సాయం అందేలా చూడటం ముందునుంచీ ఆవిడ పని. తర్వాత చట్టం మారింది. కళ్లూ చెవులూ తెలివీ అన్నీ బాగానే ఉండి, అక్షరం మాత్రం పట్టుబడని పిల్లల్ని కూడా అందులో చేర్చారు. దాన్ని డిస్లెక్సియా అంటారని మాకు ఒక పూట ట్రైనింగు ఇచ్చారు. ఆ రోజు భోజనంలో వడ్డించిన గుత్తివంకాయ కూర నాకు గుర్తుంది, చెప్పిన పాఠం గుర్తులేదు. జాబితాలో పేరెక్కి, జిల్లాలో వైద్యుల బోర్డు ప్రమాణ్ పత్ర్ అనే సర్టిఫికెట్టు ఇస్తే, అలాంటి పిల్లలకు పదో తరగతి పరీక్షలో ఎక్కువ సమయం ఇస్తారు. ప్రశ్న చదివి వినిపించి, చెప్పిన జవాబు రాసిపెట్టే తోడు మనిషిని కూడా ఇస్తారు. మా బ్లాకంతటికీ ఆ మాటను నమ్మి కాళ్లరిగేలా తిరిగింది ఆవిడ ఒక్కతే. నమ్మి అన్నానా? తప్పు. ఆవిడ దేన్నీ నమ్మేది కాదు.

పొట్టి మనిషి. భుజానికి నీలం సంచి, ఎండైనా వానైనా చేతిలో గొడుగు. మా బచేలిలో ఇనుపరాతి దుమ్ముకు భయపడి తెల్లచీర ఎవరూ కట్టరు. ఆవిడ కట్టేది. సాయంత్రానికి అంచు ఎర్రబారేది. కుర్చీ వేస్తే కూర్చునేది కాదు, పిల్లల బెంచీలోనే వాళ్ల మధ్య ఇరుక్కునేది. టీ ఇస్తే ముందు వాసన చూసేది. దానికి మా ప్యూను చాలా నొచ్చుకుని, "ఏం మేడంజీ, విషం కలుపుతానా?" అని ఒకసారి అడిగేశాడు. "పాలు ఎప్పటియో చూస్తున్న" అని చెప్పి, మళ్లీ ఒకసారి వాసన చూసి అప్పుడు తాగింది.

ఆవిడ ఊతపదం "ఎట్ల తెలుసు?" అన్నది. ఈ పిల్లాడు మొద్దు మేడం అంటే "ఎట్ల తెలుసు?" ఈ పిల్లకు క్లాసులో మొదటి ర్యాంకు అంటే దానికీ "ఎట్ల తెలుసు?" ఆవిడ వెళ్లిపోయాక స్టాఫ్‌రూమ్‌లో మేము ఆ మాటను అదే యాసలో అనుకుని పడీపడీ నవ్వేవాళ్లం. ఇవాళ వాన పడేలా ఉంది అని ఒకరంటే, ఎట్ల తెలుసు అని ఇంకొకరు.

ఒకసారి మా హెడ్మాస్టరు ఆవిడ పని తేలిక చేద్దామని తనే ఒక సూచీ తయారుచేసి ఇచ్చాడు. జాబితాను ఇక్కడ అందరం సూచీ అనే అంటాం. అందులో ఉన్నవాళ్లంతా కొండ వెనక పల్లెల నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న గోండు పిల్లలు. మా హిందీ పాఠాలు చదవడం రాదు, అడిగితే నోరు విప్పరు, కాబట్టి అందరికీ ఆ ఇబ్బందే అని ఆయన నిర్ణయం. ఆవిడ ఆ పిల్లల్ని వరండాలో చుట్టూ కూర్చోబెట్టుకుని గోండీలో ఏదో నక్క కథ మొదలుపెట్టింది. సగంలో ఆపి, తర్వాత ఏమైంది చెప్పండి అంది. నోరు విప్పరన్న పిల్లలు ఒకరి మీద ఒకరు పడి చెప్పారు. ఆ తర్వాత నేల మీద సుద్దముక్కతో అక్షరాలు రాసి ఒక్కొక్కరితో కాసేపు ఆడింది. గంట తర్వాత సూచీ తిరిగి తెచ్చింది. ఒక్క పేరు తప్ప అన్నీ కొట్టేసి ఉన్నాయి.

"వీళ్లకు హిందీ రాదు సార్, అంతే. అక్షరం నిలవకపోవుడు వేరే సంగతి. మీకు గోండీ రాదు కద, మరి మిమ్మల్ని గూడ రాసుకోనా?" అంది.

ఆయన నవ్వినట్టే నవ్వాడు. ఆ తర్వాత ఆవిడ వస్తే కుర్చీ వేయించడం మానేశాడు. ఆవిడకు కుర్చీతో పనే లేదు గనక ఆ కోపం ఆవిడ దాకా వెళ్లినట్టు లేదు. నాకైతే ఆ రోజు భలే సరదా వేసింది. నా వంతు ఇంకా రాలేదు కదా.

మాది విజయనగరం వైపు. మా ఆయన కొండ మీద గనిలో డంపరు నడుపుతాడు. నేను ఈ క్వార్టర్లలోనే పుట్టి, ఇక్కడే హిందీలో చదువుకుని, ఈ సర్కారు బడిలోనే హిందీ టీచర్నయ్యాను. మా అమ్మాయి అప్పుడు ఎనిమిదో తరగతి, నా క్లాసులోనే. బడికి ఎవరు తనిఖీకి వచ్చినా హెడ్మాస్టరు వాళ్లను నేరుగా నా గదికి తీసుకొచ్చేవాడు. వాళ్ల ముందు లేచి పాఠం చదివేది మా అమ్మాయే. కంచు గొంతు. ఎక్కడ ఆగాలో ఎక్కడ సాగదీయాలో తెలిసిన పిల్ల. రాతపనిలో మాత్రం వెనకబడేది. చేతిరాత బాగుండదు, మగవాళ్ల పోలిక అనుకునేదాన్ని. ఇంట్లో నేను వంట చేస్తూ పాఠం పైకి చదివితే తను గట్టు మీద కూర్చుని నాతోపాటు అనేది. మర్నాటికి పాఠమంతా వచ్చేసేది. నా కూతురికి ఏకసంథాగ్రాహి అని పేరు పెట్టుకుని మురిసిపోయాను.

ఆ రోజు ఆవిడ వచ్చి మూడో బెంచీలో ఇరుక్కుని కూర్చుంది. మా అమ్మాయి లేచి చదువుతోంది. ఆవిడ రెండు పేరాలు విన్నది. తర్వాత మెల్లగా చెయ్యి చాపి, పిల్ల చేతిలోని పుస్తకాన్ని మూసేసింది. మా అమ్మాయి చదువుతూనే ఉంది. ఒక్క మాట తడబడలేదు. పేజీ అయిపోయేచోట తిప్పడానికి వేలు పెట్టింది. పుస్తకం మూసి ఉందని అప్పుడు చూసుకుంది.

క్లాసంతా గొల్లుమంది. "నవ్వకుండ్రి. ఇంత గుర్తు పెట్టుకునేటోళ్లు మీలో ఎవరన్న ఉన్నరా?" అని కసిరింది ఆవిడ. నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "బాగ చదివింది మేడం. నేను నమ్మను" అంది.

ఈ పని ఆవిడ అన్ని బడుల్లోనూ చేసేదని, అందుకే ఆ పేరు వచ్చిందని నాకు తెలుసు. కానీ నా క్లాసులో, నా కూతురి చేతిలో పుస్తకం మూసేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. పైనుంచి ఇంతమంది పిల్లల్ని చూపించమని ఆర్డరు వచ్చి ఉంటుంది, గోండు పిల్లల పేర్లు కొట్టేసింది కదా, ఆ ఖాళీని నా పిల్లతో నింపుతోంది, అనుకున్నాను. టీచరు కూతురికే చదవడం రాదని తేలితే ఆవిడకు ఎంత పేరో అని కూడా అనుకున్నాను. అనుమానం మొదలైతే నాకు కారణాలకు కొదవ ఉండదు.

ఆ సాయంత్రం పిలవకుండానే మా క్వార్టరుకు వచ్చింది. మా ఆయన డ్యూటీ దిగి కాళ్లు కడుక్కుంటున్నాడు.

"ఏటండీ మేడం, మా పిల్లకేటయ్యింది?" అన్నాడు. "సక్కగా మాటాడతాది. నెక్కలు నోటితోటే సెప్పేస్తాది."

"ఏం కాలేదన్నా. తెలివికి తక్కువ లేదు. అక్షరం చూసి చదువుడు రావట్లే, అంతే. దానికి నేర్పే పద్ధతి వేరే ఉంది. నేను వచ్చి నేర్పుత. కాయితం ఒకటి చేయించుకుంటే పదో తరగతిల సాయం దొరుకుతది."

"ఆ కాయితం మీద ఏటని రాస్తారు?"

"దివ్యాంగ అని రాస్తరు."

మా ఆయన తువ్వాలు భుజాన వేసుకుని లేచి నిలబడ్డాడు. "ఈ కొండ మీద ఆ మాటకి ఇంకో పేరుందండీ. అన్‌ఫిట్" అన్నాడు. తర్వాత లోపలికి వెళ్లిపోయాడు.

ఆ మాట బయటివాళ్లకు అర్థం కాదు. మా క్వార్టర్లలో అందరూ భయపడేది మెడికల్‌కు. ఏడాదికోసారి డాక్టరు పిలిచి కళ్లూ చెవులూ రక్తపోటూ చూస్తాడు. ఫెయిలైతే పెద్ద బండి దింపేసి ఏదో మూల కూర్చోబెడతారు. అందుకని డంపరు వాళ్లంతా కళ్ల పరీక్ష బోర్డు మీది అక్షరాలను బట్టీ పట్టేవాళ్లు. ముందు వెళ్లివచ్చినవాడు క్యాంటీన్‌లో చెబితే మిగిలినవాళ్లు వల్లించేవాళ్లు, పైనుంచి కిందికి, కిందినుంచి పైకి. మా ఆయనకు చివరి వరుస ఏళ్ల తరబడి కనిపించలేదు గాని ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. మా నాన్నా డంపరు మనిషే, ఆయనా అంతే. లోపం ఉంటే దాచుకోవాలి, కాగితం మీదికి ఎక్కనివ్వకూడదు. ఇది మాకు పెద్దవాళ్లు నేర్పిన పాఠం. పిల్లకు ఒకసారి ఆ ముద్ర పడితే రేపు ఏ ఉద్యోగానికి వెళ్లినా మెడికల్‌లోనే ఆపేస్తారని మాకు నమ్మకం.

ఆవిడ ఊరుకోలేదు. జిల్లా నుంచి ఒక కుర్రాణ్ని పిలిపించి మా బడిలో పరీక్ష పెట్టించింది. అందులో పిల్లలు పైకి చదవాల్సిన కాగితాలు కట్టగట్టి ముందే బడికి వచ్చాయి. పరీక్షల ఇన్‌చార్జిని నేనే, బీరువా తాళం నా దగ్గరే. "ఏం సదివిస్తారో ముందే తెలిస్తే అయిపోతాది కదే" అన్నాడు మా ఆయన. తప్పు చేస్తున్నామని ఇద్దరికీ తోచలేదు. బోర్డు బట్టీపట్టి బతికిన ఇల్లు మాది. మూడు రోజులు స్టవ్ దగ్గర నిలబడి నేను చదివాను, మా అమ్మాయి అన్నది. కాగితంలో అర్థంపర్థం లేని మాటల వరుస కూడా ఒకటి ఉంది. ఎందుకుందో నాకు తెలియదు. అదీ నేర్పేశాను.

మా అమ్మాయి గడగడా చదివింది. ఆ అర్థం లేని మాటల వరుసను కూడా పాఠం అప్పజెప్పినంత హాయిగా చదివింది. బాగా చదవగలిగే పిల్లలు కూడా అక్కడ కాస్త తడబడతారని, గుర్తు మీద చదివేవాళ్లను పట్టుకోవడానికే ఆ వరుస పెడతారని నాకు తర్వాత తెలిసింది. ఆ కుర్రాడు తలెత్తకుండా 'సామాన్య్' అని రాసేశాడు. ఈ పిల్లకు ఏ ఇబ్బందీ లేదని అర్థం. ఆవిడ మాత్రం తలెత్తి నాకేసి చూసింది.

"ఆ పిలగాడు నమ్మిండు" అంది, అంతే.

ఆ రోజు ఇంటికి నడుస్తూ మా అమ్మాయి అంది. "అమ్మా, 'చదువుతున్నప్పుడు నీకేం కనిపిస్తుంది?' అని ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు. ఆ మేడం అడిగింది."

"ఏం చెప్పావు?"

"బొమ్మ చూసి ఏ పాఠమో పోల్చుకుంటాను. మొదటి మాట గుర్తుపడతాను. మిగతాది నీ గొంతు వినిపిస్తుంది అన్నాను."

ఒక టీచరుకు ఆ మాట చాలాలి. నాకు చాలలేదు. చెప్పుతో కొట్టినట్టయింది గాని, కొట్టింది ఆవిడే అనుకున్నాను.

గురువారం గురువారం ఆవిడ మా అమ్మాయిని వరండాలో కూర్చోబెట్టుకుని పళ్లెంలో ఇసుక పోసి వేలితో అక్షరాలు రాయించడం మొదలుపెట్టింది. రాస్తూ పైకి అనాలి, అంటూ మళ్లీ రాయాలి. వచ్చేపోయే పిల్లలు అంగన్‌వాడీ పాప అని వెక్కిరించేవాళ్లు. మా అమ్మాయి పట్టించుకునేది కాదు. గురువారం కోసం ఎదురుచూసేది. నాకు అదీ గిట్టలేదు. ఆ పరీక్ష మళ్లీ పెట్టమని పైకి రాస్తానని ఆవిడ హెడ్మాస్టరుతో అంటుంటే విన్నాను. మళ్లీ పెడితే బీరువా సంగతి బయటపడుతుంది. నా ఉద్యోగం, పిల్ల ముద్ర, రెండూ ఒకేసారి.

అప్పుడు నేను జిల్లా ఆఫీసుకు ఒక ఆకాశరామన్న ఉత్తరం రాశాను. నా దస్తూరి తెలియకుండా అచ్చు అక్షరాల్లో రాశాను. మంచి పిల్లలకు వికలాంగులని ముద్ర వేస్తోందని, తల్లిదండ్రుల్ని బెదిరిస్తోందని రాశాను. అంతటితో ఆపితే బాగుండేది. పైవాళ్లు ఇలాంటి ఉత్తరాలను చెత్తబుట్టలో వేస్తారని నాకు తెలుసు. అందుకని చివర ఇంకో వాక్యం కలిపాను. ఈమె కిష్టారం వైపు మనిషి, ఈ పేర్ల సూచీలు ఎక్కడికి పోతున్నాయో చూడవలసింది, అని.

బస్తర్‌లో ఆ వాక్యాన్ని ఎవరూ చెత్తబుట్టలో వేయరు. రెండుసార్లు ఠాణాకు పిలిచి కూర్చోబెట్టారట. నీలం సంచి బోర్లించి చూశారట. పేర్లు పెన్సిల్‌తో ఎందుకు రాశావు, చెరిపేయడానికా అని అడిగారట. ఏం చెప్పిందో నాకు తెలియదు. ఆ వేసవిలో ఆవిడ కాంట్రాక్టు మళ్లీ రాయలేదు. ఏడాది ఇంట్లో కూర్చుంది. ఆ చోటులోకి ఇంకెవరూ రాలేదు. ఆవిడ సూచీలోని పిల్లల్లో ఇద్దరు ఆ ఏడాదే బడి మానేశారు. హెడ్మాస్టరు సూచీలో ఆవిడ కొట్టేయకుండా మిగిల్చిన ఆ ఒక్క పేరు కూడా వాళ్లలో ఉంది.

స్టాఫ్‌రూమ్‌లో ఆ సంగతి మాట్లాడుకుంటుంటే నేను కూడా "పాపం" అన్నాను.

మా అమ్మాయి పదో తరగతికి వచ్చింది. మా బడి ఎనిమిదితోనే సరి. పెద్ద బడిలో నేను లేను, పాఠాలు నా గొంతుకు అందనంత ఉన్నాయి. అర్ధ సంవత్సరం పరీక్షల్లో లెక్కలు తప్ప అన్నీ పోయాయి. జవాబులన్నీ వచ్చు. అడిగితే నోటితో చెప్పేస్తుంది. ప్రశ్న చదివేసరికే సగం సమయం అయిపోతోంది. పేపర్లు చూసి మా ఆయన కొండకేసి చూస్తూ కూర్చున్నాడు. నేను సిగ్గు విడిచి బ్లాకు ఆఫీసుకు వెళ్లాను. "మీ పిల్ల సామాన్య్ అని రికార్డులో ఉంది కదా" అన్నాడు గుమాస్తా. "అప్పుడు పరీక్ష పెట్టించిన టీచరు అది తప్పని రాసి సంతకం చేస్తే మళ్లీ పరీక్షించమని వైద్యుల బోర్డుకు పంపుతాం. పదిహేను రోజులే టైముంది." ఆవిడ ఇప్పుడెక్కడుందని అడిగితే మద్దేడ్ అన్నాడు. పక్క జిల్లా వాళ్లు తీసుకున్నారట.

పిల్లను వెంటబెట్టుకుని పొద్దున్నే బస్సెక్కాను. గీదంలో మారాం, బీజాపూర్‌లో మారాం. దారిలో రెండు చోట్ల పోలీసు క్యాంపుల దగ్గర బస్సు ఆపి పేర్లు రాసుకున్నారు. ఎవరింటికి, ఎందుకు, ఎప్పుడు తిరిగొస్తారు అని అడిగారు. మద్దేడ్‌లో దిగి ఫలానా టీచరమ్మ ఇల్లెక్కడ అంటే ఒక్కరూ చెప్పలేదు. కిరాణా కొట్టతను నన్నూ పిల్లనూ చాలాసేపు చూసి, ఎదురింటి ఆమెతో ఏదో అని, అప్పుడు తన పక్క ఇల్లే చూపించాడు. తర్వాత ఏదైనా అవసరానికని అతని నంబరు తీసుకున్నాను.

ఆవిడ తలుపు సగమే తీసింది. నన్ను చూసి గుర్తుపట్టింది గాని మొహంలో ఏమీ మారలేదు. "ఏంది పని?" అంది. వెనకున్న మా అమ్మాయిని చూశాక తలుపు పూర్తిగా తీసింది. "నువ్వా బిడ్డా! ఎంత ఎదిగినవ్!"

ఫారం చూపించాను. ఆవిడ కళ్లజోడు నుదుటి మీది నుంచి కిందికి దించి అంతా చదివింది.

"నేను ఊరికే సంతకం పెట్టను. ఆనాడు అంత మంచిగ చదివిన పిల్ల ఈనాడు చదవట్లే అంటే ఎవరు నమ్ముతరు? ఆ దినం ఏం జరిగిందో చెప్పు."

"నేనే నేర్పాను" అన్నాను. పిల్ల వింటూనే ఉంది.

"కాయితం ఎక్కడిది?"

"బీరువాలోది. తాళం నా దగ్గరే ఉండేది."

"ఎన్ని దినాలు నేర్పినవ్?"

"మూడు."

"నాకు రెండు రోజులకే వచ్చేసింది మేడం" అంది మా అమ్మాయి.

ఆవిడ పకపకా నవ్వింది. ఆవిడ అలా నవ్వగా నేను చూసింది అదే మొదలు, అదే చివర. తర్వాత కూర్చుని రాసింది. పరీక్ష కాగితాలు ముందుగానే బయటికి తెలిసిపోయినందువల్ల ఆనాటి ఫలితం చెల్లదు, పిల్లకు ఇబ్బంది ఉన్నట్టు నేను మొదటినుంచీ గమనిస్తున్నాను, మళ్లీ పరీక్షించవలసింది, అని. ఎవరి వల్ల తెలిసిపోయిందో రాయలేదు. ఆ తప్పు కావాలంటే ఆవిడ మీదికే వచ్చేలా ఉంది ఆ వాక్యం. ఆ సంగతి నేను ఎత్తలేదు. సంతకం చేసి ఇచ్చింది. నాలుగు మడతలు పెట్టి సంచిలో అడుగున దాచుకున్నాను.

బస్సుకు ఇంకా రెండు గంటలుందని, తిని పొమ్మని అన్నం పెట్టింది. చింతచిగురూ ఎండుచేపల కూర. మా అమ్మాయి మారు వడ్డించుకుని తింది. తింటుండగా ఆవిడే ఎత్తింది ఆ మాట.

"నా మీద కాయితం రాసిందెవరో నాకు ఇప్పటికీ దొరకలే అక్కా. ఏడాదంత ఇంట్ల కూసోని అదే ఆలోచన. మీ హెడ్మాస్టరు అనుకున్న. గుమాస్తా అనుకున్న. పిల్లల పేర్లు చెరిపించుకున్న తండ్రులను ఒక్కొక్కరినీ అనుకున్న. మీ ఆయనను గూడ అనుకున్న, ఏమనుకోకు. ఒక్క నిన్నే అనుకోలే."

"ఎందుకని?" అన్నాను.

"నువ్వు బిడ్డ కోసం అబద్ధమాడే మనిషివి. అట్లాంటోళ్లు మొహం మీదనే ఆడుతరు, చాటుకు పోయి రాయరు" అంది. "చేప ఇంకోటి వేసుకో."

వేసుకున్నాను. తిన్నాను కూడా. ఎవర్నీ దేన్నీ నమ్మని ఆ మనిషి బతుకు మొత్తం మీద ఒక్కర్ని నమ్మింది, ఆ ఒక్కర్తీ నేనే.

బోర్డు వాళ్లు మళ్లీ పరీక్షించారు. పిల్ల చూడటానికి బాగానే ఉంది కదా అని అక్కడి ఆయా మమ్మల్ని పైనుంచి కిందిదాకా అనుమానంగా చూసింది. డాక్టరు మాత్రం ఓపిగ్గా చదివించుకుని విన్నాడు. ప్రమాణ్ పత్ర్ వచ్చింది. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె పక్కన కూర్చుని ప్రశ్నలు చదివితే మా అమ్మాయి చెప్పింది, ఆ పిల్ల రాసింది. పాసయింది. రిజల్టు రోజున మా ఆయన మిఠాయి పెట్టె తెచ్చి, మద్దేడ్ మేడానికి ఫోన్ చేశావా అని అడిగాడు. మా అమ్మాయే చేసింది. నాకు ఇవ్వబోతే పొయ్యి మీద పాలున్నాయని వంటింట్లోకి వెళ్లిపోయాను.

మొన్న ఆదివారం మా అమ్మాయి ఇంటికి వచ్చింది. ఇప్పుడు ఐటీఐలో వెల్డింగు నేర్చుకుంటోంది. తెలుగు మాట్లాడుతుంది గాని చదవడం తెలియదు. అందుకని ఇక్కడిదాకా రాసిందంతా నేనే చదివి వినిపించాను. ఉత్తరం రాసిన పేరా వదిలేసి ముందుకు పోతే ఆమెకు తెలియదు. ఆ బుద్ధి పుట్టింది కూడా. కానీ చదివేశాను.

విని, కాగితాలు నా చేతిలోంచి తీసుకుని వరుసగా సర్దింది. తర్వాత, "మేడానికి ఎప్పుడూ చెప్పలేదా?" అంది.

"ఎలా చెప్పను? చెప్పాక ఆవిడ సంతకం పెట్టనంటే నీ పరీక్ష ఏమయ్యేది? నీ కోసమే నోరు మూసుకున్నాను."

మా అమ్మాయి నాకేసి నిదానంగా చూసింది.

"సంతకం పెట్టాకే కదమ్మా అన్నం పెట్టింది" అంది. "కాగితం అప్పటికే నీ సంచిలో ఉంది. బస్సుకి ఇంకా రెండు గంటలుంది."